కెమెరా పట్టిన నవ్వు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని. మూతపడిన బొగ్గు బాయిల్లో ఎవరో పేరు పెట్టి పిలుస్తారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనడం లేదు. పట్టపగలు, మా వంటింట్లో, ఇద్దరం చూస్తుండగా జరిగినదాన్ని జరిగినట్టు చెబుతున్నాను.

నేను వంటల వీడియోలు చేస్తాను. పక్క క్వార్టర్‌లో ఉండే నస్రీన్ వాటిని తీస్తుంది. రెండేళ్లు ఫోనుతోనే నెట్టుకొచ్చాం. పొయ్యి సెగకు ఫోను వేడెక్కి ఆగిపోయేది. సరిగ్గా తాలింపు వేసే సమయానికి మా ఆయన బొగ్గు బాయి డ్యూటీ మీద నుంచి ఫోన్ చేసేవాడు, రికార్డింగు తెగిపోయేది. ఒకసారి బగారన్నం మొత్తం వండి చూసుకుంటే, ఫోనులో జాగా నిండిపోయి వీడియో ఉల్లిగడ్డలు కోసే దగ్గరే ఆగిపోయి ఉంది.

"ఇగ నాతోని కాదక్కా. వీడియో కెమెరానే కొందాం" అంది నస్రీన్.

కరీంనగర్ పోయాం. షాపతను మొదట పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు మెడలో వేసుకునే పెద్ద కెమెరాలు చూపించాడు. మాకు కావలసింది అరచేతిలో పట్టే చిన్న కామ్‌కార్డర్. నస్రీన్ భర్త మెకానిక్. ఆ ఇంటి అలవాటేమో, ఏ వస్తువునైనా నడిపి చూడనిదే ఆమె నమ్మదు. మొదటి కామ్‌కార్డర్‌ను గల్లా బల్ల మీద పెట్టి, ఆన్ చేసి, గుమ్మం దాకా నడిచి మాట్లాడింది. వెనక్కి వచ్చి వింటే లారీ హారన్లు తప్ప ఏమీ లేవు.

"నా మాట ఏది భయ్యా? బయటి మైకు పెట్టుకునే సందు ఉన్నది చూపియ్యి."

నేను నా లెక్క చూసుకున్నాను. పక్కకు తెరుచుకునే తెర ముందుకు తిరగాలి, అప్పుడే ఒంటరిగా తీసుకున్నా నేను కనిపిస్తున్నానో లేదో తెలుస్తుంది. జూమ్ చేస్తే నూనెలో ఆవాలు చిటపటలాడటం మసకబారకుండా కనిపించాలి. అన్నం దమ్ముకు పెట్టి దించేదాకా బ్యాటరీ ఆగాలి.

నాలుగోది మాకు నచ్చింది. అందులో ఇంకో విశేషం ఉంది. మనిషి ముఖం కనిపిస్తే తెర మీద దాని చుట్టూ తెల్లటి గడి వస్తుంది. ఆ ముఖం నవ్విందంటే, వీడియో నడుస్తుండగానే 'టక్' మని తనంతట తానే ఒక ఫోటో తీసుకుంటుంది. మేమిద్దరం షాపులోనే పళ్లు బయటపెట్టి నవ్వుతూ, మూతి ముడుస్తూ, మళ్లీ నవ్వుతూ దానితో ఎన్ని ఫోటోలు తీయించామో! బస్సులో ఇల్లు చేరేదాకా ఆ డబ్బా నా ఒడిలోంచి కదల్లేదు.

మొదటి వీడియో మా అత్తమ్మ లచ్చవ్వతో అనుకున్నాం. డెబ్బై దాటిన మనిషి. ఆమె చేసే సొరకాయ సర్వపిండి కోసం మా క్వార్టర్ల లైన్‌లో అందరూ ఎదురుచూస్తారు. ఎవరు నేర్పారని అడిగితే "మా అమ్మ" అనేది.

నిజానికి దాని వెనక పాత గొడవ ఒకటి ఉంది. అత్తమ్మ పెద్ద తోడికోడలు ఓదెమ్మ గోలేటిలో ఉండేది. పదేళ్ల కింద కాసిపేటలో ఒక పెళ్లిలో "అది నేను నేర్పిన వంటే" అని నలుగురిలో అందట. అత్తమ్మ కాదంది. మాటా మాటా పెరిగి రాకపోకలు తెగిపోయాయి. పోయినేడు ఓదెమ్మ దవాఖానలో ఉందని కబురొచ్చినా అత్తమ్మ పోలేదు. చివరికి చావుకు కూడా పోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు.

ఆ రోజు ఉదయం పదకొండింటికి మొదలుపెట్టాం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు గలగలమంటాయి, ఆలోపే అయిపోవాలి. కెమెరాను స్టాండుకు బిగించి, అద్దం మీది బొగ్గు దుమ్ము తుడిచాను. మైకు అత్తమ్మ కొంగుకు పెట్టాను. ఆమె తన పక్కన నా కోసం ఒక పీట వేసింది. నేను కూర్చోలేదు, నస్రీన్‌తో పాటు కెమెరా వెనకే నిలబడ్డాను.

బొమ్మ అద్దంలా వస్తోంది. సంతోషం పట్టలేక నస్రీన్ నా చెయ్యి గిల్లింది. అత్తమ్మ బియ్యప్పిండిలో సొరకాయ తురుము, నువ్వులు, పల్లీలు వేసి, చుక్క నీళ్లు లేకుండా సొరకాయ తడితోనే కలుపుతోంది.

అప్పుడు తెర మీద రెండో గడి వచ్చింది.

ఒకటి అత్తమ్మ ముఖం మీద ఉంది. రెండోది ఖాళీ పీటకు పైన, కూర్చున్న మనిషి తల ఉండే ఎత్తులో. మొదట నవ్వుకున్నాం. కొత్త కెమెరా, గోడ మీద మరకను చూసి ముఖం అనుకుందేమో. కానీ అది పోయిన నెలే సున్నం వేసిన గోడ. ఫోటో లేదు, క్యాలెండర్ లేదు. స్టీలు బిందె మెరుపేమోనని దాన్ని కూడా తీసేశాను. గడి పోలేదు. అత్తమ్మ గిన్నె మీదికి వంగితే, అదీ కొంచెం వంగింది.

నాకు ఒళ్లు జలదరించింది. భయమని చెప్పలేను.

"ఇది మీకు ఎవరు నేర్పారత్తమ్మా?" అని అడిగాను. అది ముందే అనుకున్న ప్రశ్నే.

ఆమె పిండి మీద చెయ్యి ఆపింది. తెర ఆమెకు కనిపించదు, మాకే కనిపిస్తుంది.

"అబద్ధమెందుకు బిడ్డా. మా అమ్మ కాదు, మా ఓదక్క నేర్పింది. నేను కొత్తగ వచ్చినప్పుడు అన్నం వండుడు గూడ రాకపోయేది. పక్కన కూసోవెట్టుకొని అన్నీ నేర్పింది. నలుగుట్ల ఆ మాట అంటే సిగ్గయి కాదన్న. దవాఖానకు పోదామని చీర గూడ కట్టుకున్న. మల్ల ఏం మొకం వెట్టుకొని పోవాలె అని ఆగిపోయిన."

ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

టక్.

నస్రీన్ నా మణికట్టు పట్టుకుంది. "అక్కా, ఫోటో పడ్డది!"

ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఇద్దరం కెమెరా వెనక. మూడో మనిషి ఏడుస్తోంది.

వీడియో ఆపి ఫోటో తెరిచాం. అందులో అత్తమ్మ, పిండి గిన్నె, ఖాళీ పీట. ఇంకేమీ లేదు. అత్తమ్మకు దాచకుండా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె పీట వైపు తిరిగింది.

"నవ్విందా?" అని ఒక్క మాటే అడిగింది.

"ఎవరో నవ్వితేనే ఫోటో పడుతది అవ్వా" అంది నస్రీన్.

అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, సర్వపిండి పొయ్యి మీద పెట్టింది. "రేపు గోలేటికి పోదాం" అంది.

మరుసటి రోజు ముగ్గురం పోయాం. ఓదెమ్మ బిడ్డ పద్మ తలుపు తీసి, అత్తమ్మను చూసి వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, తర్వాత మేం తీసుకుపోయిన సర్వపిండి తిన్నారు. వీడియోకు 'మా ఓదక్క సర్వపిండి' అని పేరు పెట్టాం. మేము చేసినవాటిలో జనం ఎక్కువగా చూసింది అదే.

తర్వాత అదే చోట, అదే వేళకు, అదే పీట వేసి ఎన్నోసార్లు రికార్డు చేశాను. రెండో గడి మళ్లీ రాలేదు. షాపతనికి చూపిస్తే, ఒక్కోసారి కెమెరా పొరబడుతుందన్నాడు. పొరబడి ఉండొచ్చు. అయితే గడి అంతసేపు ఆ పీట మీదే ఎందుకు నిలిచిందో, ఆమె ఆ మాట అన్నాకే ఫోటో ఎందుకు పడిందో అతనూ చెప్పలేకపోయాడు.

నేనూ చెప్పలేను. ఆ ఫోటోను పెద్దది చేసి ఇప్పటికీ చూస్తుంటాను. ఏమీ దొరకదు. నస్రీన్, నేనూ ఎన్ని కారణాలు వెతికామో. అత్తమ్మ మాత్రం ఇంతవరకు ఒక్క కారణం కూడా అడగలేదు.