ప్రతి అంతస్తులో ఆగే మెకానిక్

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు ఆగిపోయినప్పుడే అందరికీ వాడు గుర్తొస్తాడు కాబట్టి వాడి బతుకంతా మెట్లెక్కడమే. అందులోనూ మోటారు గది ఎప్పుడూ మేడ మీదే ఉంటుంది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. వాడు మాత్రం సంచి భుజాన వేసుకుని ఎక్కుతాడు.

నేను బడిలో వ్యాయామం టీచర్ని. పిల్లల్ని పరిగెత్తించి పరిగెత్తించి గొంతు పెద్దదైంది, నోటికి అదుపు తగ్గింది. వాడికి రక్తపు క్యాన్సరు వచ్చినప్పుడు అందరికీ పరీక్షలు చేస్తే, ఎముక మజ్జ కలిసింది నాదొక్కదానిదే. ఇచ్చాను. ఇచ్చి ఊరుకునే రకాన్ని కాదు కాబట్టి, అప్పటి నుంచి వాడు తుమ్మినా దగ్గినా నాకు చెప్పి తీరాలి.

మజ్జ మారాక వాడి రక్తం గ్రూపు కూడా మారి నా గ్రూపైంది. "నీ ఒంట్లో పారేది ఆడపిల్ల రక్తంరా, అందుకే కాస్త బుద్ధొచ్చింది" అని ఏడిపించేదాన్ని. "బుద్ధి సంగతేమోగానీ అక్కా, కోపం మాత్రం ముక్కు మీదికొచ్చింది" అనేవాడు. పాత రక్తంతో పాటు చిన్నప్పటి టీకాల బలం కూడా పోయిందట. పసిపిల్లల టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేశారు. చంటిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లుల మధ్య, బుర్రమీసాలతో నా తమ్ముడు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చునేవాడు.

రోగం పోయింది. కానీ అంతటితో అయిపోలేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. కళ్లు ఎండిపోతాయి, చుక్కలు వేసుకోవాలి. ఎండలో టోపీ లేకుండా తిరగకూడదు. పళ్లు, ఎముకలు, చర్మం, థైరాయిడు చూపించుకుంటూ ఉండాలి. మూడు నెలలకోసారి వచ్చి గొట్టంలోకి ఊది, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో పరీక్ష చేయించుకోవాలి. "ఇది బతికున్నంత కాలం" అంది. వాడు తలూపాడు. మూడేళ్లు బుద్ధిగా వెళ్లాడు కూడా.

ఆ తర్వాత ఒకరోజు మా భవనంలో లిఫ్టు ఆగిపోయింది. నేనుండేది నాలుగో అంతస్తు. ఆ లిఫ్టు చూసేది వాడే. కబురు చేస్తే వచ్చాడు. వచ్చి పైకి రాకుండా, కింద మెట్టు మీద కూర్చుని నాకే ఫోను చేశాడు.

"అక్కా, కాస్త మేడ మీదికెళ్లి మోటారు గది తలుపు తీసి చూడు. కాలిన వాసనేమైనా వస్తోందా?"

నిర్ఘాంతపోయాను. ఆ గదిలో వాడు ఎవరినీ అడుగు పెట్టనివ్వడు. ఒకసారి వాచ్‌మన్ అందులో తడి బట్టలు ఆరేశాడని భవనమంతా దద్దరిల్లేలా అరిచాడు. అలాంటివాడు ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలియని నన్ను వెళ్లి చూడమంటున్నాడు. మోటారు సంగతి వదిలేసి గబగబా కిందికి దిగాను.

"పద, నాతో ఎక్కు."

"ఎక్కుతాలే. కొంపలేం మునిగిపోయాయి?"

మొదటి అంతస్తులో ఆగాడు. లిఫ్టు తలుపు దగ్గర వంగి, సందులో వేలు పెట్టి దుమ్ము తీసి చూశాడు. రెండో అంతస్తులో మళ్లీ ఆగి, తలుపు కింది పట్టాలోకి టార్చి వేశాడు. నేను వాడి చేతుల వైపు చూడలేదు, వీపు వైపు చూశాను. పరుగు పందెం ముగించిన పిల్లల వీపులా ఎగసి పడుతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది.

"చెడింది మోటారైతే తలుపుల్లో ఏం వెతుకుతున్నావురా?"

వాడు జవాబు చెప్పేలోగా ఆ అంతస్తులో ఉండే పెద్దాయన బయటికొచ్చాడు. "మీ తమ్ముడికి మహా శ్రద్ధమ్మా. ఈమధ్య ఎప్పుడొచ్చినా ప్రతి తలుపూ చూసిగానీ పైకెళ్లడు. నేను కంపెనీకి కూడా ఫోను చేసి మెచ్చుకున్నాను" అన్నాడు.

ఈమధ్య ఎప్పుడొచ్చినా! అంటే ఇన్నాళ్లుగా ఊపిరందక ఆగుతున్నాడు, ఆగినట్టు తెలియకుండా తలుపుల్ని అడ్డం పెట్టుకున్నాడు. జనమేమో పనిమంతుడని పొగుడుతున్నారు. పెద్దాయన లోపలికి వెళ్లేదాకా ఆగి అడిగాను.

"ఆసుపత్రికి ఎప్పుడెళ్లావు?"

మెట్టు మీద చతికిలబడ్డాడు. రెండుసార్లు ఎగ్గొట్టాడట. వెళ్లొచ్చానని పెళ్లానికి అబద్ధం చెప్పాడట.

"ఊదితే తక్కువొస్తుందని నాకు తెలుసక్కా. అది తెలిస్తే కంపెనీవాళ్లు ఆఫీసులో కూర్చోబెట్టి ఫోన్లెత్తమంటారు. నావల్ల అవుతుందా అది? అయినా క్యాన్సరు పోయిందిగా. ఇది దుమ్ము వల్లేమో అనుకున్నా."

చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. వాడి పక్కనే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే నేనూ మరదలూ చెరోపక్కనా నడుస్తూ వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాం. గేటు దగ్గర మరదలు, "వదినా, మీరు తిట్టడం అయ్యాక చెప్పండి, నా వంతు ఇంకా మిగిలే ఉంది" అంది.

గాజు గదిలో ముక్కుకి క్లిప్పు పెట్టి వాడి చేత ఊదించారు. ఫలితం చూసి డాక్టరమ్మ మొహం మారింది. ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు మూసుకుపోతున్నాయంది. "పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ముందే వచ్చుంటే ఇంకొంచెం ఎక్కువ మిగిలేది" అంది. ఎందుకిలా అయిందని మరదలు అడిగింది. "అక్కగారి మజ్జలోంచి పుట్టిన కణాలు ఈయన ఊపిరితిత్తుల్ని పరాయివనుకుని వాటి మీద పడుతున్నాయి" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. క్యాన్సర్ని తరిమిందీ నా రక్తమే, ఇప్పుడు తమ్ముణ్ణి తింటున్నదీ నా రక్తమే. ఇచ్చానని ఇన్నాళ్లూ నలుగురిలో గొప్పలు పోయినదాన్ని, ఆ రోజు తలెత్తలేకపోయాను.

మందులు మొదలయ్యాయి. నోటితో పీల్చేవి, మింగేవి, నెలనెలా పరీక్ష. తమ్ముడు తనే మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫోన్ల దగ్గర కూర్చోనని, నడిచే లిఫ్టులు తనిఖీ చేసే పని ఇమ్మని పట్టుబట్టి సాధించుకున్నాడు. లిఫ్టులోనే పైకి వెళ్తాడు, మోటారు గదికి కడపటి కాసిని మెట్లు మాత్రం ఎక్కాలి. ఊపిరందకపోతే ఆగుతాడు. ఎందుకాగావని ఎవరైనా అడిగితే, "ఊపిరితిత్తులు బాగాలేవండీ, ఒక్క నిమిషం" అంటాడు.

నేను మాత్రం వాణ్ణి వదల్లేదు. పరీక్ష జరిగినప్పుడల్లా గాజు గదిలో పక్కనే నిలబడి, ఊదించే ఆయన కంటే గట్టిగా "ఊదరా, ఇంకా ఊదు" అని అరిచేదాన్ని. ఆయన చెవులు మూసుకునేవాడు.

ఈ నెల కూడా లోపలికి వెళ్లబోతుంటే తమ్ముడు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఈసారి నువ్వు రావద్దక్కా."

"ఎందుకు రాకూడదు? నిన్ను తింటున్నవి నావి కాదురా?" అన్నాను. ఇన్నాళ్లూ లోపల దాచుకున్న మాట ఆసుపత్రి వరండాలో అందరి ముందూ బయటికొచ్చింది.

వాడు నా వైపు తేరిపార చూశాడు. "నీవెక్కడివక్కా? ఎప్పుడో ఇచ్చేశావుగా. నాలుగేళ్లుగా నా తిండి తింటూ నా ఒంట్లో బతుకుతున్నాయి. అవి నావి. మంచివైనా చెడ్డవైనా నావే. వాటిని దారిలో పెట్టుకోవాల్సింది నేను. నువ్విలా కూర్చో."

తలుపు వేసేసుకున్నాడు. బడి పిల్లలందర్నీ ఒక్క కేకతో కూర్చోబెట్టే నేను, వాడు చెప్పినట్టే బెంచీ మీద కూర్చున్నాను. మరదలు నా చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి వాడు మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఊపిరి పెరగలేదు" అన్నాడు.

"తగ్గిందా?"

"తగ్గలేదు."

మా ఇద్దర్నీ దాటుకుని కౌంటరు దగ్గరికి నడిచి, వచ్చే నెల ఏ రోజు రావాలో తనే అడిగాడు.