కాలిబాట పక్క దుబ్బులు

బందరులో నాది చిన్న టైలరింగు షాపు. బడి ఐదో తరగతితో ఆగిపోయింది. మిగతా లెక్కలన్నీ టేపే నేర్పింది. ఏదైనా కొలిచి కాగితం మీద వేసుకుంటేగానీ నాకు నిజమనిపించదు. ఆ అలవాటుతోనే ఒక ఏడాది అక్క చేనును పోగొట్టబోయాను.

అవనిగడ్డ దాటాక అక్కకు ఎకరన్నర వరిచేను ఉంది. బావ పోయాక దాన్ని తానే చేయిస్తానంది. "ఒక్క పంట చూద్దాం వదినా. పండితే నీ చేను జోలికి రాను. పండకపోతే వచ్చే ఏడు నుంచి నేను చేసుకుంటా" అన్నాడు ఆమె మరిది. అక్క సరేనంది.

నాట్లప్పుడు టేపు పట్టుకుని వెళ్లాను. మా వైపు వరి మొదళ్లలో చేరి రసం పీల్చే సుడిదోమ భయానికి చేలో రెండు మీటర్లకోసారి జానెడు మేర నాటకుండా వదిలేస్తారు. దాన్నే కాలిబాట అంటారు. ఆ సందుల్లోంచి గాలీ వెలుతురూ దిగితే దోమ నిలవదని. తూర్పు నుంచి పడమరకు తాడు కట్టించి ప్రతి బాటనూ నేనే కొలిచాను. పక్క చేను మావయ్య గట్టు మీద కూర్చుని, "ఏం అల్లుడూ, చేనుకి లంగా కుడతన్నావా? కుచ్చిళ్లు సమానంగా రావాలి మరి!" అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది.

కార్తీకంలో అక్క ఫోను చేసింది. చుట్టుపక్కల దోమ పడిందట. అందరూ మందు కొడుతున్నారట. "నన్నూ కొట్టెయ్యమంటన్నారు. నువ్వొచ్చి చూడు తమ్ముడూ, నీ లెక్క మీద నాకు నమ్మకం" అంది.

తొలి బస్సుకే వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. చేను ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. పొట్ట విప్పుతున్న వెన్నులు ఆ తెలుపులో కదలకుండా నిలబడి ఉన్నాయి. దుబ్బును వంచి మెల్లగా తడితే మొదలు దగ్గరున్న దోమలు నీళ్ల మీద రాలతాయి. నూక గింజంత ఉంటాయి. మళ్లీ ఎగిరేలోపే లెక్కపెట్టాలి. సాలీళ్లు నీటి మీద నడిచొచ్చి వాటిని ఏరుకుంటున్నాయి. మందు పడితే ముందు పోయేది ఆ సాలీళ్లే. అందుకే దుబ్బుకు ఇరవై దాటితేనే కొట్టమని వ్యవసాయ శాఖవాళ్లు చెబుతారు. చేను తొక్కకుండా కాలిబాటల్లోనే నడుస్తూ, అటొకటీ ఇటొకటీ నలభై దుబ్బులు తట్టాను. ఏదో కలలో నడుస్తున్నట్టే ఉంది. కాళ్ల కింద బురద చప్పుడు కూడా దూరం నుంచి వినిపించింది. కాగితం మీద వేస్తే సగటు తొమ్మిది వచ్చింది.

"మందు అక్కర్లేదక్కా" అన్నాను. అక్క కాగితం తీసుకుని కొంగున ముడేసుకుంది.

పది రోజులకు మళ్లీ ఫోను. "చేను మధ్యన ఎవరో పాత గోనెపట్టా పరిచినట్టుందిరా. ఎర్రగా."

వెళ్లేసరికి మరిది గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి బాట వదిలి రెండు బాటల నడిమికి, ఆకులు ఒకదాన్నొకటి కమ్ముకున్న చోటికి దిగాను. ఒక్క దుబ్బు తట్టాను. నీళ్లు కనిపించలేదు. ఊక చల్లినట్టు దోమ తేలింది. లెక్కపెట్టలేకపోయాను.

అప్పుడు తెలిసింది. గాలి తగిలే దుబ్బుల్లో దోమ ఉండదనే కదా బాటలు వదిలింది! నేను లెక్కపెట్టిన నలభై దుబ్బులూ బాట పక్కవే.

"తప్పు నాదక్కా. మంచి దుబ్బుల్నే అడిగాను" అన్నాను.

"ఏడవడం తర్వాత. ముందు ఆ గండి కొట్టు, నీళ్లు పోవాలి" అంది.

నీళ్లు తీసేశాం. ఆకులు పాయలుగా విడదీసి, మొదళ్లు తడిసేలా మందు కొట్టించాం. గుండ్రంగా ఎండిపోయిన ఆ సుడి చుట్టూ నాలుగు పుల్లలు పాతాను. రోజూ పొద్దున్నే టేపుతో కొలిచేవాణ్ణి. మొదటి రోజు తొమ్మిది మీటర్లు. మర్నాడు పది దాటింది. పుల్లలు జరిపాను. మూడో రోజూ జరిపాను. షాపు సంగతే గుర్తులేదు. మంచులో ఆ నాలుగు పుల్లలే నాకు లోకం. నాలుగో రోజు ఒక్కటే జరిపాను. ఐదో రోజు దేన్నీ కదిలించే పని పడలేదు. గట్టు మీదున్న అక్కకు చెయ్యి ఊపాను. ఆమె అక్కడే కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ సుడి తప్ప మిగతా చేనంతా పండింది. కుప్ప వేసిన రోజు మరిది తనే వచ్చి కోసిన వరి ఓదెలు అందించాడు. "ఉంచుకో వదినా" అన్నాడు, అంతే.

ఇప్పుడూ ప్రతి కార్తీకంలో వెళ్తాను. కాగితం, పెన్సిలు పట్టుకుని నేను గట్టు మీదే ఉంటాను. అక్క బాటల నడిమికి దిగుతుంది. మంచులో మనిషి కనిపించదు. వరిలోంచి గొంతు ఒక్కటే వస్తుంది.

"పదకొండు... రాశావా? ఎనిమిది... పదిహేడు. ఆగు ఆగు, ఒకటి సాలీడురా. పదహారు."

కొట్టేసి, పదహారు అని రాస్తాను.