మెట్టు దిగిన బేరం

మొన్న మనవరాలిని వెంటబెట్టుకుని చీరల అంగడికి పోయినాను. బేరానికి పోయేటప్పుడు ప్రేమగలవాళ్ళను వెంట తీసుకుపోకూడదని తెలిసీ పోయినాను. అంగడి మనిషి చీర మడత విప్పీ విప్పకముందే ఆ పిల్ల దాన్ని చెంపకు ఆనించుకుని "అబ్బ, ఎంత బాగుందో అవ్వా!" అనేసింది. ఆ మాటకు వాడి కళ్ళలో దీపం వెలిగింది, నా గుండెలో ఆరిపోయింది. ఇంక బేరమేముంది, వాడు చెప్పిందే వేదం. బయటికొచ్చినాక దానికి పాఠం మొదలుపెట్టినాను. సరుకు మీద మనసు పడినట్టు మొహంలో కనపడనీయకూడదు, పెదవి విరవాలి, అప్పటికీ దిగిరాకపోతే అంగడి మెట్టు దిగి నడవాలి, వెనక నుంచి వాడే పిలుస్తాడు. అద్దె లైబ్రరీ నవల చంకలో పెట్టుకుని ఆ పిల్ల నవ్వింది. "ఇష్టమైతే ఇష్టమని చెప్తే ఏం పోతుంది అవ్వా?" అనడిగింది. నడి ఎండలో నిలబడి ఉన్నానా, నాకు నా తమ్ముడు గుర్తుకొచ్చినాడు.

యుద్ధం రోజుల్లో మాది నంద్యాలలో గుడ్డల అంగడి. మా అమ్మ అప్పటికే పోయింది. నాకు పెళ్ళయి అదే బజారులో కాపురం ఉండేదాన్ని కాబట్టి, పుట్టింటి పెత్తనం సగం నాదే. అంగడిలో నాయన, తమ్ముడు. ఆళ్ళగడ్డలో మా మామ, అంటే అమ్మకు తోడబుట్టినవాడు, బెల్లం చింతపండు అంగడి పెట్టుకున్నాడు. ఆయనకొక్కతే కూతురు. నాకూ ఆ పిల్లకూ ఒకటే పిచ్చి, నవలలు. రైలు మీద నంద్యాలకు వచ్చిన ప్రేమ నవలలు కొని, మావారికి తెలియకుండా చదివేసి, అమ్ముడుపోని గుడ్డముక్కలో చుట్టి ఆళ్ళగడ్డ బస్సులో పంపేదాన్ని. మధ్యలో ఆ మూట మా అంగడిలో ఒకటి రెండు పూటలు ఆగేది. ఎందుకాగుతుందో నాకు మొదట తెలియలేదు. ఒకరోజు పోయి చూస్తే తమ్ముడు గజంకర్ర చంకలో పెట్టుకుని, గుడ్డల బేళ్ళ వెనక నిలబడి చదువుతున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొత్త గుడ్డల గంజి వాసనకు మండుతున్నాయన్నాడు.

ఆ నవలల సంగతి చెప్పాలి. వాటిల్లో నాయకుడు ఏం పని చేసి బతుకుతాడో ఎక్కడా రాయరు. ఒక్కడికీ అంగడి ఉండదు. ఉంటే వెన్నెల వంక చూస్తూ కూర్చోవడానికి తీరికెక్కడిది? నాయిక సంగతి ఇంకా ఘోరం. నడిమికి వచ్చేసరికి దగ్గడం మొదలుపెడుతుంది. ఎవరైనా నాయిక కొంచెం దగ్గిందంటే చాలు, నేను కళ్ళ నీళ్ళకు కొంగు సిద్ధం చేసుకునేదాన్ని. మామ కూతురికి మాత్రం చావులు పట్టేవి కావు. నాయకుడు గడప దాటిపోతూ, ఆగి, వెనక్కి తిరిగి చూసే ఘట్టం ఒకటుంటుంది ప్రతి దాంట్లో. ఒక పెళ్ళిలో అరిసెలు చేస్తూ నాతో అంది: "అంత దూరం పోయి తిరిగి సూస్తాడు సూడు వదినా, ఆడ నాకు ఏడుపొస్తాది." కొంచెంసేపు పిండి నలిపి, "మీ తమ్ముడు సూస్తాడంటావా?" అంది. తమ్ముడూ ఇంటి దగ్గర ఒకే ఒక్క మాట అన్నాడు, అదీ గుడ్డ కొలుస్తూ: "అక్కా, చేసుకుంటే ఆ పిల్లనే." మా ఇళ్ళల్లో ప్రేమ అంతకన్నా పొడుగు ఉండదు.

కాబట్టి ఇద్దరికీ ఇష్టం, మామకిష్టం, నాయనకిష్టం. ఇచ్చిపుచ్చుకోవడాల పేచీ కూడా లేదు. బేరం ఒక్కదాని మీద ఆగింది. మామ అహోబిలం స్వామికి మొక్కుకున్నాడు, పెళ్ళి ఆ కొండ కిందే జరగాలంటాడు. నాయన, "బజారు బజారంతా పిలవాల్సినోణ్ణి, బస్సులు కరువైన రోజుల్లో అడివిలో పెళ్ళేందిరా?" అంటాడు. అమ్మ బతికుంటే ఒక పూట ఇక్కడా ఒక పూట అక్కడా ఏడ్చి ఇద్దరినీ సగంలో కలిపేది. మధ్యమనిషి లేని బేరం ఎప్పుడూ కీడే. అందులోనూ మామ కూతురికి ఇంకొక సంబంధం కాచుకుని ఉండింది. వెలుగోడు మనిషి, ఆస్తిపరుడు, ఇద్దరు భార్యలు పోయినవాడు. మొదటామె జ్వరంతో పోయిందన్నారు. రెండో ఆమె సంగతి అడిగితే ఎవరికి వాళ్ళు పనుందని లేచిపోయేవాళ్ళు.

ఒకపొద్దు నాయన, తమ్ముడు, నేను ముగ్గురం మాట్లాడుకుని రావడానికి ఆళ్ళగడ్డ బస్సెక్కినాము. నల్లమల మీద మబ్బు పట్టి ఉంది, గాలి మాత్రం లేదు. సిరివెళ్ళ దాటినాక నాయన తమ్ముడి చెవిలో అంగడి మంత్రం ఊదినాడు: "ఆ పిల్ల ఎదురుగా వచ్చినా నీ మొహంలో ఏం కనపడనీయొద్దు. మీ మామ నా కన్నా ముదురు. నీకు ఇష్టమని తెలిసిందా, నేను అహోబిలం మెట్లెక్కాల్సిందే." తమ్ముడు తల ఊపినాడు. నేను నవ్వుకున్నాను.

మామ ఇంటి పక్కనే శిల్పుల కొట్టం. మేం కూర్చున్నంతసేపూ ఉలి చప్పుడు ఆగలేదు. గుమ్మంలోంచి చూస్తే అమ్మవారి విగ్రహం ఒకటి సగం చెక్కి నిలబెట్టి ఉంది. చేతులున్నాయి, నగలున్నాయి, కళ్ళింకా తెరవలేదు. ఆ పిల్ల ఉగ్గాని పళ్ళెం తెచ్చి తమ్ముడి ముందర పెట్టింది. పెట్టి పోలేదు, నిలబడింది. నవలల్లో ఒక్క మాట పలకాల్సిన చోటు అదేనని నాకు తెలుసు, దానికి తెలుసు, పాపం వాడికీ తెలుసు. వాడు తలెత్తి మిద్దె దూలాలు చూసినాడు. ఒకదాని తర్వాత ఒకటి, కొనబోయేవాడిలాగ అన్ని దూలాలూ చూసినాడు. ఆ పిల్ల లోపలికి పోయింది.

మాటలు పెరిగినాయి. "స్వామి కన్నా మీ బజారు పెద్దదా బావా?" అన్నాడు మామ. "నీ మొక్కుకు నా కొడుకును అడివికి తోలల్నా?" అన్నాడు నాయన. ఇంక చేసేదేముంది, నాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ దులపడం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. లేచి, మెట్టు దిగినాడు. వెనకనే మేమూ. "వెనక్కి తిరగొద్దురా," అన్నాడు నాయన పెదవి కదలకుండా. తమ్ముడు తిరగలేదు. వాడి మెడ నరాలు కొయ్యబారి నిలబడి ఉండటం చూస్తూ నేను నడిచినాను. వెనక ఉలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక పొయ్యి రాజేసి, క్లీనరు చెయ్యి నొప్పి పుట్టేదాకా మర తిప్పితే గాని కదిలేవి కావు. మేం ఎక్కి కూర్చున్నాము. వాడు తిప్పుతున్నాడు. మామ ఇంటి సందు మొగ కిటికీలోంచి కనపడుతూనే ఉంది. ఒక గేదె వచ్చింది. చింతపండు గంప ఎత్తుకుని ఒకామె వచ్చింది. "మళ్ళా పోయొద్దాం నాయనా," అన్నాను. "ఓపిక పట్టు. సిరివెళ్ళ దాకా అయినా మనిషి వస్తాడు," అన్నాడు. పొగ చిమ్మి బస్సు కదిలింది. సిరివెళ్ళలో ఆగినప్పుడు నాయన దిగి, రోడ్డు వంక చూసి, ఊరికే నీళ్ళు తాగి ఎక్కినాడు. తమ్ముడు అప్పటికీ తిరిగి చూడలేదు.

వారమంతా అంగడి ముందర ఆళ్ళగడ్డ బస్సు ఆగినప్పుడల్లా నాయన గజంకర్ర కింద పెట్టేవాడు. ఆ తర్వాత వచ్చింది పెళ్ళి కబురు. వెలుగోడు మనిషి అహోబిలం అంటే అహోబిలమే అన్నాడంట. ముహూర్తం వాళ్ళు చెప్పిందే అన్నాడంట. దేనికీ బేరమాడలేదంట. ఆ మాట విని నాయన అరుగు మీద కూలబడినాడు. బేరమాడకుండా తీసుకుపోయేవాణ్ణి చూస్తే మా అంగళ్ళల్లో భయపడతారు.

పెళ్ళయిన కొన్నాళ్ళకు, చుట్టాలింట్లో నామకరణమని సాకు పెట్టి వెలుగోడు పోయినాను, కొంగు చాటున కొత్త నవలతో. ఇల్లు పెద్దది. పెరట్లో బావి ఉంది, దాని మీద రాతిబండ పరిచి ఉంది. నీళ్ళు వీధి నుంచి మోసుకొస్తున్నారు. ఆ పిల్ల నవల ముట్టుకోలేదు. "ఇంగ తేవద్దు వదినా. ఈడ చదివేది గిట్టదు," అంది. తర్వాత పాత నవ్వు కొంచెం నవ్వింది. "ఆ పొద్దు మీ తమ్ముడు దూలాలు సూస్తాండె కదా. అంత బాగుండాయా మా దూలాలు?"

నాకు దుఃఖమొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసినాను. "నిన్ను చూస్తే మొహం దాచుకోలేనని దూలాలు చూసినాడే పిల్లా. బస్సులో వాడి చొక్కా చేతులు తడిసిపోయినాయి."

అది బావి మీది బండ వంక చూసింది. "ఇది నువ్వు చెప్పకుండా ఉండాల్సింది వదినా," అంది. "నేనంటే ఇష్టం లేదనుకుని బతుకుతాంటి."

ఆ ఏడు వానలు ముదిరినాక ఆ పిల్ల పోయిందని కబురొచ్చింది. జ్వరమన్నారు. జ్వరమేనా అని మావాళ్ళెవరూ అడగలేదు. అడిగితే వచ్చే జవాబుకు అందరమూ భయపడినాము. పెద్దకర్మకు పోతే, ఆ ఇంటి అరుగు మీద నాయనా మామా పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది. మామ సగానికి సగం తగ్గిపోయి ఉన్నాడు. ఎదుటి గోడతో మాట్లాడినట్టు అన్నాడు: "ఆ పొద్దు పిలుద్దామనే చెప్పులేసుకుంటి బావా. నువ్వే సందు మొగన ఆగుతావని గడపలోనే నిలబడితి."

నాయన తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నువ్వు పిలిస్తే అహోబిలానికి ఊ అందామనుకొనే దిగితినప్పా," అన్నాడు.

తమ్ముడు ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు, వాడు వీధిలో నిలబడి ఉన్నాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నాడు, అంగడి పెంచినాడు, మనవళ్ళను ఎత్తినాడు, పోయినాడు. నాయన, మామ అంతకు ముందే పోయినారు. పోయిన వయసులోనే ఆగిన ఆ పిల్ల ఇప్పుడు నా ఆఖరి కూతురి కన్నా చాలా చిన్నది. ఎప్పుడైనా కలలో కనబడితే మాత్రం వదినా అనే పిలుస్తుంది, ఇన్నేళ్ళ దూరం నేనొక్కదాన్నే నడిచి వచ్చినానని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.