గోడకవతల ఎర్రపెట్ట

ఓర్వకల్లులో ఆ సందు ఎంత ఇరుకంటే, ఒకరింట్లో తిరగమాత పెడితే పక్కింట్లో తుమ్ముతారు. ఇక కోళ్లకు ఏ గడపా పరాయిది కాదు. గుడ్లు పొదగడంలో ఆ సందుకంతా పేరుపడింది జీవమ్మ ఎర్రపెట్ట. ఎవరింట్లో గుడ్లు జమైనా దాన్ని అడిగి తీసుకుపోతారు. పిల్లలు దిగితే సగం జీవమ్మకు. ఈసారి అది గోడకవతల సంతోషమ్మ ఇంట్లో, గంపలో కూర్చుంది.

మొగుడు పోయినప్పటి నుంచి జీవమ్మకు తోడు ఆ పెట్టే. అన్నం తినేటప్పుడు కంచం పక్కకొచ్చి నిలబడేది. ఇప్పుడది లేకున్నా జీవమ్మ నాలుగు మెతుకులు పక్కన పెట్టడం, ఎవరన్నా చూశారేమోనని అటూ ఇటూ చూసి తానే నోట్లో వేసుకోవడం.

అంతలో సందు చివర శాంతయ్య ఇంట్లో కోళ్లకు కొక్కెర రోగం, సోకితే మందలకు మందలే పోయే అంటురోగం, తగులుకుంది. పశువుల ఆసుపత్రి నుంచి సుధీర్ వచ్చి, బాగున్న కోళ్లన్నిటికీ టీకాలు వేశాడు. గుడ్ల మీదున్న ఎర్రపెట్టను మాత్రం సంతోషమ్మ కదిలించనివ్వలేదు.

"ఎవరి కోళ్లు వాళ్లింట్లోనే గంపల కింద కమ్మేసుకోండమ్మా. రోగమున్న ఇంటికి పోవద్దండి. ఆ రోగం కోళ్ల కన్నా మన చెప్పుల మీదే శానా దూరం పోతాది" అన్నాడు.

అందరికన్నా ఎక్కువ తల ఊపింది జీవమ్మే. కానీ శాంతయ్య పిలవగానే ఆగలేకపోయింది. కోళ్లకు నాటుమందు వేయాలంటే సందులో పిలిచేది ఆమెనే మరి! జబ్బుపుంజును ఒళ్లో పెట్టుకుని పసుపూ వెల్లుల్లీ మింగించింది. ఆ చీరతోనే, ఆ చెప్పులతోనే నేరుగా సంతోషమ్మ వాకిట్లోకి వచ్చేసింది.

"యాడ్నుంచి వస్తాండావు వదినా?"

"శాంతయ్య పుంజుకు మందేసి వస్తాండా. మన ఎర్రది ఎట్లుండాది?"

సంతోషమ్మ చేతిలోని చేటను అడ్డం పెట్టింది. "ఆడ్నే నిలబడు! నీ కొంగు మీద పచ్చగా అదేంది? పుంజు రెట్ట గదా!"

జీవమ్మ కొంగు చూసుకుంది. సందుకంతా వైద్యం చేసే మనిషి ముఖం చిన్నబోయింది.

"దూరం నుంచే చూసి పోతాలే."

"దాని మీద ప్రేముంటే పో వదినా."

పోయింది. చీర ఉడుకునీళ్లలో వేసి, చెప్పులు బ్లీచింగు నీళ్లతో తోమి, తలకు పోసుకుంది. మర్నాడు పుంజు చచ్చిందని, సున్నం వేసి పూడ్చారని విన్నాక మళ్లీ ఆ వాకిలి తొక్కలేదు. నాపబండల గోడ దగ్గరే నిలబడి అడిగేది.

"మేత తినిందా?"

"తినింది."

"మెడ వాల్చలేదు గదా?"

"నీకన్నా నిటారుగా కూర్చోనుండాది!"

అప్పుడు "బా... బా..." అని పిలిచేది. అవతల గంపలోంచి ఎర్రపెట్ట "క్కుర్ర్" మనేది. ఆ పలుకుతోనే జీవమ్మకు ఆ పూట గడిచిపోయేది.

ఒకరోజు పొద్దున గోడవతల కిచకిచలు.

"వదినా, పిల్లలు దిగినాయి! పెట్టను ఎత్తి చూపించేదా?"

జీవమ్మ రెండు చేతులూ గోడ మీదికి పోయాయి. పుంజును పట్టిన ఆ చేతుల్ని చూసుకుని వెనక్కి తీసుకుంది. "వద్దులే. ఇంకా కొన్నాళ్లు ఆడ్నే ఉండనీ."

"బా... బా..." అంది, మెల్లగా. ఈసారి ఎర్రది పలకలేదు. అవతల ఎర్రపెట్ట అదే గొంతుతో పిల్లల్ని పిలుచుకుంటోంది. జీవమ్మ ఇంకోసారి పిలవబోయి ఆగి, బండకు చెవి ఆనించింది.