పందితో మాట, పెళ్లాంతో పాట

ఆసియాటా మాట్లాడడు, పాడతాడు. ఉప్పు కావాలన్నా పాటే, వీపు గోకమన్నా పాటే, బస్సు ఆపమన్నా పాటే. పోనీ హుషారు పాటా అంటే అదీ కాదు, శవం ముందు పాడే కీర్తన వరస. చేపల డబ్బా కొనడానికి కొట్టుకు వెళ్లి, అక్కడున్న నలుగురి చేతా టోపీలు తీయించి తలలు వంచించిన మహానుభావుడు సవాయి దీవి మొత్తం మీద ఆయనొక్కడే.

ఇదేమీ పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు. ఆయన ఊరి వక్త. అతిథులొస్తే కర్ర మీద ఆనుకుని, భుజాన కొబ్బరిపీచు కుచ్చు వేసుకుని, ఊరి తరఫున మాట్లాడేవాడు. ఆయన మొదలుపెట్టినప్పుడు చేమదుంపలు పొయ్యిలో పెడితే, ముగించేసరికి ఉడికి చల్లారిపోయేవి. వక్తలందరూ ముందుగా నేను చెబుతానంటే నేను చెబుతానని వాదించుకుని, ఒక్కొక్కరే తగ్గడం అక్కడి ఆనవాయితీ. ఆ వాదంలో ఆయన పుట్టి బుద్ధెరిగి తగ్గింది లేదు.

అలాంటివాడికి ఒక వానాకాలం పక్షవాతం వచ్చింది. చెయ్యి పడిపోయి కొంత కోలుకుంది. మాట మాత్రం రాలేదు. లోపల అంతా ఉంది, బయటికి "అ... అ..." తప్ప ఏదీ రాదు. మాట మీద బతికినవాడికి మాటే పోయాక ఇంకేం మిగిలింది? సముద్రానికి వీపు పెట్టి పడుకునేవాడు. గోడల్లేని ఇళ్లు కాబట్టి, దారినపోయే ప్రతివాడూ ఆ వీపు చూసి నిట్టూర్చేవాడు. కర్ర దూలానికి వేలాడేది. దాని మీద దుమ్ము తుడవాలంటే భార్య లూపేకి భయం. తుడిస్తే ఆయన ఏడుస్తాడు, తుడవకపోతే తనకు ఏడుపొస్తుంది.

ఒక సాయంత్రం ప్రార్థన వేళ లూపే కీర్తన ఎత్తుకుంది. వెనక నుంచి రెండో గొంతు కలిసింది. మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా! లూపే పాట ఆపేసి చూస్తే, ఆయన కళ్లనీళ్లు కారుస్తూ చరణం చరణమంతా పాడుతున్నాడు.

"కొందరికి అంతేనమ్మా, మాట దారి మూసుకుపోయినా పాట దారి ఉంటుంది. పాడించు" అన్నాడు వైద్యుడు.

పాడించక్కర్లేకుండా పోయింది. అప్పట్నుంచి లూపే చెవులకు తెరిపి లేదు.

"కో—కో— చల్లా—రె—ను—" అని పొద్దున్నే కోకో గిన్నె చూపిస్తూ విషాదంగా అందుకునేవాడు.

"చల్లారితే మళ్లీ కాస్తాను! దానికి సమాధి కట్టించాలా ఏం?" అనేది లూపే.

బస్సు డ్రైవరు బతిమాలుకునేవాడు. "తాతా, కాస్త ముందు నుంచి మొదలుపెట్టవా? 'ఆపు' దగ్గరికి నువ్వొచ్చేసరికి మనం రేవు దాటిపోతున్నాం!"

ఊరంతా నవ్వింది గానీ, ఫిలెము ఇంట్లో నవ్వు లేదు. ఫిలెము చాపలల్లడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆసియాటా తర్వాత ఆమెకూ అదే జబ్బు చేసింది, మాటా అలాగే పోయింది. సిగ్గుతో పగలంతా కొబ్బరాకు తెరలు దించుకుని కూర్చునేది. ఈయన సరిగ్గా ఆ ఇంటి ముందుకే వచ్చి గొంతు రెట్టింపు చేసేవాడు.

"జాలి లేదా నీకు? ఆవిడ ఏడుస్తుంటే నీ కచేరీ ఏమిటి?" అని లూపే తిట్టిపోసేది.

కొన్నాళ్లకు ఆ తెర లేచింది. ఫిలెము ఆడవాళ్ల అల్లికసాలకు వచ్చి, తల దించుకుని, "క—త్తి— ఇటి—వ్వ—రా—" అని సన్నగా పాడింది. "అమ్మయ్యో, ఇద్దరయ్యారు! ఇక చర్చి దేనికే?" అన్నారెవరో. అందరూ నవ్వారు, ఫిలెము కూడా.

ఇంతలో కొత్త చర్చి తెరిచే రోజు దగ్గరపడింది. పక్క దీవి నుంచి అతిథులొస్తారు. పెద్దలు తేల్చేశారు: ఆ రోజుకు ఆసియాటాకు మాట వస్తే కర్ర ఆయనదే, రాకపోతే ఇక ఎప్పటికీ రెండో వక్త తౌలాపాది. లూపేకి తిండి సయించలేదు. కర్ర కూడా పోతే ఈ మనిషి మళ్లీ సముద్రానికి వీపు పెడతాడని బెంగ.

అలాంటి రోజుల్లో ఒకనాడు, కొబ్బరి చిప్పలు పట్టుకుని తోట వెనక పందుల దొడ్డికి వెళ్లింది.

"ఒసే... తల్లీ... పక్కదాన్ని... తిననివ్వవే."

తడుముకుంటూనే గానీ, పందితో ఆసియాటా నోట మాట! పాట కాదు! చిప్పలు చేతిలోంచి జారిపోయాయి. అడుగుదామనుకుని ఆగింది. పండగనాటికి దాచుకున్నాడు కాబోలనుకుని, ఇంటికెళ్లి కర్రకు నూనె పట్టించింది.

చర్చి తెరిచే రోజు మైదానంలో వక్తలు ఒక్కొక్కరే తగ్గారు. చివరికి తౌలాపా చేతులు జోడించాడు. "అన్నా, నువ్వుండగా నాకెక్కడిది? నువ్వే చెప్పు."

ఆసియాటా లేచాడు. ఆడవాళ్ల వైపు ఒకసారి చూశాడు. లూపే పక్కనే ఫిలెము ఉంది. కర్ర తీసుకెళ్లి తౌలాపా చేతిలో పెట్టి, ఆ పాత వరసలోనే అందుకున్నాడు.

"నీ—వే— చెప్పు—మా— త—మ్ము—డా—"

ఎవరో పోయారనుకుని అతిథులు తలలు వంచారు. ఊరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. లూపే గుండె మాత్రం మండిపోయింది.

ఇంట్లో తిడితే ఊరంతా వింటుంది కనుక, ఆయన్ని పందుల దొడ్డికి లాక్కెళ్లింది.

"ఏమయ్యా, పందితో మాట, పెళ్లాంతో పాటా? దానికన్నా తీసిపోయానా నేను? కర్ర ఇచ్చేశావే! నీ ప్రాణం కదయ్యా అది!"

ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. "పంది... నవ్వదు. అందుకే... ఇక్కడ... నేర్చుకున్నా."

"మరి అక్కడేమైంది?"

"నేను... మాట్లాడితే... ఫిలెము... ఒక్కతే... పాడాలి. మళ్లీ... తెర... దించేస్తుంది."

జాలి లేదా అని తను తిట్టిన తిట్లన్నీ లూపేకి గుర్తొచ్చాయి.

"ఎన్నాళ్లిలాగ?"

"ఆవిడకు... మాట... వచ్చేదాకా."

"రాకపోతే?"

"కీర్తనలు... బోలెడు."

తౌలాపా గొంతు మైదానం నుంచి వినబడి, అంతలోనే ఆగిపోయింది. ఆసియాటా కళ్లు తుడుచుకున్నాడు. "బాగానే... చెప్పాడు. కాస్త... పొట్టిగా."

మర్నాడు కొట్టు దగ్గర ఫిలెము ఎదురైంది. "ఏ—మి— కొం—టా—వు— వది—నా—"

లూపే అటూ ఇటూ చూసింది. గొంతు సవరించుకుంది.

"మొ—గు—డి—కి— చే—ప—ల డ—బ్బా—"

కొట్టు ముందున్న నలుగురూ టోపీలు తీశారు.