నా గైడు లాక్కున్న సుగుణ టీచర్

మొన్న సాయంత్రం పద్మారావు నగర్‌లో వాన పట్టుకుంటే పరుగున వెళ్లి ఒక ట్యూషన్ సెంటర్ మెట్ల మీద నిలబడ్డాను. లోపల ఇరవై మంది పిల్లలు ఒకే గొంతుతో అరుస్తున్నారు. "ఎ నౌన్ ఈజ్ ద నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్ ఆర్ థింగ్!" తర్వాత ప్రొనౌన్, ఆ తర్వాత వెర్బ్, ఇలా ఎనిమిది భాషాభాగాలూ వరసగా, ఊపిరి తీసుకోకుండా. వాన తగ్గినా నేను కదల్లేదు. ఆ రాగం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే అరిచాను, అరిచి నిండు క్లాసులో పరువు పోగొట్టుకున్నాను. ఆ పోయిన పరువును తిరిగి తెచ్చిపెట్టిన మనిషి సుగుణ టీచర్. ఆవిడ ఇప్పుడు లేరు. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు కాబట్టి నేనే చెప్పాలి.

మాది సీతాఫల్‌మండి. నాన్న టైలర్, ఎక్కువగా రైల్వే వాళ్ల బట్టలు కుట్టేవాడు. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నన్నూ, ఐదు పాసైన తమ్ముడు రమేశ్‌నూ ఒకే రోజున ఇంటి దగ్గరి ఇంగ్లీష్ మీడియం బడిలో చేర్పించాడు. నన్ను ఎనిమిదిలో వేశారు, వాణ్ని ఆరులో. ఆ బడిలో తెలుగు మాట్లాడితే పిల్లల్ని బయట నిలబెట్టేవాళ్లు, టీచర్లకైతే హెడ్మిస్ట్రెస్ గారి గదిలో అక్షింతలు పడేవి. నాకేమో ఇంగ్లీష్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. జ్ఞాపకశక్తి మాత్రం దేవుడు దోసిళ్లకొద్దీ ఇచ్చాడు. నాన్నతో ఒక గైడు కొనిపించుకుని, అట్ట నుంచి అట్ట దాకా బట్టీ పట్టేశాను.

సుగుణ టీచర్ మాకు ఇంగ్లీష్ చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నవ్వినా కోప్పడినా పక్క సెక్షన్‌కు వినిపించేది. మొదటి యూనిట్ టెస్టులో నిర్వచనాలు ఇచ్చి, ఏది నౌనో ఏది వెర్బో పేరు రాయమన్నారు. గైడులో బట్టీ పట్టిన మాటలే కావడంతో టకటకా రాసేశాను. ఇరవైకి ఇరవై వచ్చాయి. టీచర్ మురిసిపోయి ఇంగ్లీషులో ఏదో అని క్లాసు చేత చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు నాకేనని పక్క పిల్లను అడిగి తెలుసుకున్నాను!

వారం తిరక్కుండానే హెడ్మిస్ట్రెస్ గారు మా క్లాసు చూడడానికి వచ్చారు. టీచర్ గర్వంగా "స్వరూపా" అని నన్ను లేపి, నౌన్ అంటే ఏమిటో చెప్పమన్నారు. చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పాను. "ఎ నౌన్ ఈజ్ ద నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్ ఆర్ థింగ్. ఇంపార్టెంట్. మార్చ్, అక్టోబర్." ఆ ప్రశ్న అంతకుముందు ఏ పరీక్షల్లో వచ్చిందో గైడులో పక్కన అచ్చు వేసి ఉండేది. అదీ జవాబులో భాగమేననుకున్నాను నేను. క్లాసంతా గొల్లుమంది. హెడ్మిస్ట్రెస్ గారు ఈ గదిలో ఒక నౌన్ చూపించమని ఇంగ్లీషులో అడిగారు. నాకు నౌన్ ఒక్కటే వినిపించింది. ఇంకాస్త గట్టిగా చెప్పమంటున్నారనుకుని మళ్లీ మొదలుపెట్టాను, మార్చితో, అక్టోబరుతో సహా.

"సిక్స్త్" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. సోమవారం నుంచి నన్ను ఆరో తరగతిలో కూర్చోబెట్టమన్నారు. ఆ మాట మాత్రం నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆరో తరగతంటే మా రమేశ్ క్లాసు. రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడి పక్కన, వాడి బెంచీ మీద! నాకు తల కొట్టేసినట్టయింది. బడి మానేసి దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టుకుంటానని నాన్నకు చెప్పేయాలని నిలబడ్డ చోటే నిర్ణయించుకున్నాను.

అప్పుడు సుగుణ టీచర్ తెలుగులో మాట్లాడారు, అందరి ముందూ. "తప్పు పిల్లది కాదు మేడం, నాది. అర్థమైందో లేదో చూడకుండా ఇరవైకి ఇరవై వేసింది నేను. చప్పట్లు కొట్టించింది నేను."

"ఇంగ్లీష్, మిసెస్ సుగుణ," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"స్వరూపకు అర్థం కావాలనే తెలుగులో చెబుతున్నానండి. హాఫ్ ఇయర్లీ పరీక్షల దాకా గడువివ్వండి. అప్పటికీ రాకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆరులో కూర్చోబెడతాను."

పిల్లల ముందు తప్పు ఒప్పుకున్న పెద్దవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. ఇప్పటికీ ఎక్కువమందిని చూడలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ మా దుకాణానికి వచ్చారు. నాన్న కంగారుగా మిషన్ మీద నుంచి లేచాడు. "ఏంది మేడం, మా బిడ్డకు ఇంగ్లీష్ వస్తలేదా? బడి మార్చి తప్పు జేసిన్నా?"

"మీ తప్పేం లేదండి. ముందు ఆ గైడు ఇటు ఇప్పించండి," అని తీసుకుని తన సంచిలో వేసుకున్నారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. భోరుమన్నాను. "ఏడిస్తే ఏడువు గానీ గైడు మాత్రం ఇవ్వనమ్మా," అన్నారు తాపీగా.

నాన్న స్టూలు వేశాడు. బల్ల మీద పడి ఉన్న తెల్ల బట్ట ముక్క ఒకటి తీసి, ఇదేమిటని టీచర్ అడిగారు. నాన్న నవ్వాడు. "గిప్పుడే దానికేం పేరు పెడ్తం మేడం? ఒకటే బట్ట. మెడకాడ కుడ్తె కాలర్ అయితది, ఎద మీద కుడ్తె జేబు అయితది. యాడ కుట్టినమో, ఆడ ఏం పని జేస్తదో, గదే దాని పేరు."

టీచర్ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డారు. "ఇంకోసారి చెప్పండి," అని, సంచిలోంచి కాగితం తీసి రాసుకున్నారు. "ఎన్నేళ్లుగానో ఈ పాఠం చెబుతున్నానండి. మాటల సంగతి ఇంత తేలిగ్గా నాకే తట్టలేదు." మర్నాడు క్లాసులో అదే చెప్పారు. మాట ఒకటే అయినా, వాక్యంలో చేసే పనిని బట్టి దాని పేరు మారుతుందనీ, ఇది స్వరూప వాళ్ల నాన్నగారి దగ్గర నేర్చుకున్నాననీ. మా నాన్న టైలరని అప్పటిదాకా ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఆ రోజు సిగ్గు ఎటు పోయిందో పోయింది.

అప్పట్నుంచి బడి వదిలాక మెట్టుగూడ వెళ్లేముందు రోజూ మా దుకాణంలో ఆగేవారు. పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. "మీ నాన్న ఏం చేస్తున్నాడు, చెప్పు."

"తెల్లంగి జల్ది జల్ది కుడ్తుండు టీచర్."

"ఎవరు? ఏం చేస్తున్నాడు? దేన్ని? ఎలాంటి దాన్ని? ఎలా?" నేను ఒక్కో మాటా వేలు మడిచి చెబితే, దాని పక్కన ఇంగ్లీష్ మాట పెట్టించేవారు. నౌన్, వెర్బ్ అనే పేర్లు అన్నిటికన్నా చివర వచ్చేవి. కత్తెర బల్ల మీద పెట్టి, బల్ల కింద పెట్టి, డబ్బాలో పెట్టి ప్రిపొజిషన్లు చెప్పించారు. బట్టల కోసం వచ్చినవాళ్లు వింతగా చూసేవాళ్లు. నాకు తెలియకుండానే పాత రాగం అందుకుంటే టీచర్ చెవులు మూసుకునేవారు. "మార్చి అక్టోబర్ వచ్చేసిందే తల్లీ!" ఆ మాటకు నేనూ నవ్వగలిగిన రోజున సగం భయం పోయింది.

హాఫ్ ఇయర్లీ కాగానే హెడ్మిస్ట్రెస్ గారు నన్నూ సుగుణ టీచర్‌నూ తన గదికి పిలిచి, నన్ను సొంతంగా ఒక వాక్యం రాయమన్నారు. మై ఫాదర్ స్టిచెస్ వైట్ షర్ట్స్ క్విక్లీ ఇన్ హిజ్ షాప్ అని రాశాను. ఒక్కో మాట కింద వేలు పెట్టి అడిగితే ఏది ఏమిటో చెప్పాను. అంతలో ఆవిడ యాడ్వెర్బ్ నిర్వచనం అడిగారు. నిర్వచనాలన్నీ గైడుతో పాటే పోయాయి! టీచర్ వైపు చూస్తే ఆవిడ కావాలనే కిటికీ బయటికి చూస్తున్నారు.

"ఐ డోంట్ నో మేడం," అన్నాను. "బట్ క్విక్లీ టెల్స్ హౌ మై ఫాదర్ స్టిచెస్. ఫాదర్ స్టిచెస్ స్లోలీ, కస్టమర్ షౌట్స్."

హెడ్మిస్ట్రెస్ గారు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎనిమిదిలోనే ఉండమన్నారు.

వరండాలోకి రాగానే టీచర్ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "నేను ఆరుకు పోనక్కర్లేదు టీచర్!"

"ఎందుకు పోనక్కర్లేదూ? రేపటి నుంచి రోజూ అన్నం బెల్లు కొట్టగానే పోవాలి," అన్నారు. నేను బిక్కచచ్చిపోయాను. "మీ రమేశ్ సంగతి చూశావా? వాడూ బట్టీయే. నాకు తీరిక లేదమ్మా. నువ్వు చూసుకో."

మర్నాడు టిఫిన్ డబ్బాతో ఆరో తరగతికి వెళ్లాను. నన్ను చూసి వాడి మొహం తెల్లబోయింది. "అక్కా, నిన్ను ఆరుల ఏసిండ్రా?"

"లేదురా. నేనే వచ్చిన. జెర జరుగు."

వాడు జరిగాడు. ఏ బెంచీని తలుచుకుని అన్ని నెలలు నిద్ర పట్టక దొర్లానో, దాని మీదే తమ్ముడి పక్కన కూర్చుని నా మొదటి పాఠం చెప్పాను. తర్వాత నేనూ ఇంగ్లీష్ టీచర్నే అయ్యాను. ఇప్పుడు నా క్లాసులో ఏ పిల్లైనా తడుముకోకుండా అప్పజెబితే నేను మార్కులు వెయ్యను. లేచి వెళ్లి, కాస్త జరగమని, ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంటాను. ఇంట్లో ఎవరేం చేస్తారో చెప్పమంటాను.