తొమ్మిదింబావు కేసు

జ్ఞానశేఖర్ ఏఎస్సైగా రిటైరయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చున్నది సరిగ్గా నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో మల్కాజ్‌గిరిలోని తన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేత మూడు రిజిస్టర్లు పెట్టించాడు, పాలవాడి బండి కాగితాలు రెండుసార్లు తనిఖీ చేశాడు, భార్య ప్రేమమణి కూరగాయలకు వెళ్లొస్తే ఎక్కడెక్కడ ఆగావని స్టేట్‌మెంట్ తీసుకున్నాడు. అందుకే సికింద్రాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి, పోలీసు పని మీద పిల్లలకు వారానికి రెండు క్లాసులు చెబుతారా అని ఫోనొస్తే ఆయనకంటే ముందు ఆవిడే ఒప్పేసుకుంది.

ప్రేమమణి వైపు అందరూ టీచర్లే. అన్న హెడ్మాస్టరు, చెల్లెలు లెక్కల టీచరు, చెల్లెలి భర్త లెక్చరరు. పెళ్లిళ్లలో వాళ్లంతా ఒకరినొకరు సార్, టీచర్ అని పిలుచుకుంటూ ఈయన్ని మాత్రం ‘మన పోలీసాయన’ అనేవాళ్లు. అదీ ఫంక్షన్ హాలు ముందు కారు ఏదైనా అడ్డొస్తే తీయించడానికే. ముప్పై నాలుగేళ్లు ఆ మాటను దిగమింగుకున్న మనిషికి, ఇరవైమంది పిల్లలు ఒక్కసారిగా లేచి గుడ్‌మార్నింగ్ సార్ అంటే కడుపు నిండిపోయింది. కానీ డిపార్ట్‌మెంట్ హెడ్ కల్పలత మేడమ్ మొదటిరోజే కుండబద్దలు కొట్టింది. పిల్లలు బయట ఒక నిజమైన సమస్యను తీసుకుని, దాన్ని తగ్గించి, తగ్గినట్టు ఆధారం చూపించాలి. చూపించకపోతే వచ్చే ఏడాది ఈ కోర్సూ ఉండదు, ఈ సారూ ఉండడు.

ఆవిడ ఇచ్చిన కాగితాల్లో నాలుగు మెట్లున్నాయి. సమస్యను గుర్తుపట్టు, కారణం వెతుకు, మందు వెయ్యి, తగ్గిందో లేదో మళ్లీ చూడు. మన జ్ఞానశేఖర్‌కు సర్వీసంతా తెలిసింది మూడో మెట్టొక్కటే. ఫోనొస్తే వెళ్లడం, నాలుగు అరుపులు అరవడం, తిరిగి రావడం. అయినా వారం రోజులు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆ కాగితాలు చదివి, క్లాసులో గొంతు సవరించుకున్నాడు.

"ఒకే జాగకెళ్లి పదిసార్లు ఫోనొస్తే అది పది కేసులు గాదు, ఒక్కటే రోగం. ఎవడు చేసిండని కాదు, ఎందుకైతుందని చూడుర్రి. కండ్లకు ఏది కనవడితే అది రాయాలె. పెద్దోళ్లని, తెలిసినోళ్లని ఇడిసిపెట్టొద్దు."

సమస్యను కూడా ఆయనే ఎంచి ఇచ్చాడు. బొల్లారం దగ్గర ఆయన వెళ్లే చర్చిలో ఆదివారం ఏడున్నరకు తెలుగు ఆరాధన, తొమ్మిదిన్నరకు ఇంగ్లీషు ఆరాధన. తొమ్మిదింబావుకు తెలుగువాళ్లు బయటికి, ఇంగ్లీషువాళ్లు లోపలికి. ఇక ఆ సందు బిగుసుకుపోయేది, హారన్లు మోగేవి, ఆ సందులో కాపురమున్నవాళ్లు వంద నంబరుకు ఫోన్ చేసేవాళ్లు. స్టేషన్ రిజిస్టర్ ప్రకారం ఏడాదికి నలభై ఆరు ఫోన్లు. దీనికి జవాబు ఆయనకు ముందే తెలుసు మరి. ప్రతి ఆదివారం జేబులోంచి విజిల్ తీసి పది నిమిషాల్లో సందు విప్పేది ఆయనే. పిల్లలు వచ్చి చూసి, అనుభవమున్న మనిషి ఒకడుంటే చాలని రాస్తారని ఆయన లెక్క.

పిల్లలు మూడు ఆదివారాలు వచ్చారు. గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న షెకీనా టేపు, నోట్‌బుక్ పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. హరికిషన్ ఎదురింటి డాబా ఎక్కి ఫోటోలు తీశాడు. కెమెరా ఉందని జ్ఞానశేఖర్ విజిల్ మరింత గట్టిగా ఊదాడు. కానీ మూడో ఆదివారం తర్వాత ఇద్దరూ ఆయన మొహం చూడటం మానేశారు. మేడమ్ ముందు చూపించడానికి రెండు రోజులే ఉన్నాయనగా, టాపిక్ మార్చి వీధికుక్కల మీద చేయొచ్చా సార్ అని అడిగారు.

ఎంతైనా పోలీసు కదా, దాస్తున్న మొహం తెలీదా? వరండాలో షెకీనాను ఆపి నోట్‌బుక్ అడిగాడు. ఆ పిల్ల ఇచ్చింది. అందులో అంటించిన ప్రతి ఫోటోలోనూ ఆయన స్కూటరే. ఇరవయ్యేళ్ల కిందట అక్కడ బందోబస్తు వేసినప్పుడు, లోపలికి ఏ బండీ దూసుకు రాకుండా నీ బండి గేటుకు అడ్డంగా పెట్టమని ఎస్సై చెప్పాడు. ఆ బందోబస్తు ఒక్కరోజుతో అయిపోయింది, ఎస్సై బదిలీ అయ్యాడు, ఈయన స్కూటర్లు రెండు మారాయి, అడ్డం మాత్రం అలాగే ఉండిపోయింది. గేటు పదహారడుగులు, స్కూటర్ పోను మిగిలింది పదడుగులు, అందులో ఒక్క కారే పడుతుంది. చాలదన్నట్టు సరిగ్గా అక్కడే నిలబడి ఈయన వచ్చేపోయే అందరికీ చేయి కలిపి వందనాలు చెప్పి, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగేవాడు. మనిషికి నలభై సెకండ్లని షెకీనా గడియారం పెట్టి మరీ రాసింది.

"మార్కులు మీరే వేస్తారు కదా సార్, అందుకే కుక్కలన్నాం," అంది ఆ పిల్ల కళ్లనీళ్లతో.

జ్ఞానశేఖర్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కోపమూ వచ్చింది. వంద కార్లుంటే నా ఒక్క స్కూటరే కనబడిందా అని నోటిదాకా వచ్చింది కూడా. కుక్కలకు సరేనంటే ఇక్కడితో పోతుంది. కానీ ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో, క్లాసులో తను చెప్పిన మాటలే ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆయన మాటను అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లు లేరు.

"ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా," అన్నాడు. "బండి నంబరు సుత కనవడాలె."

తెర మీద ఫోటో పడగానే ఈ బండి ఎవరిదని కల్పలత మేడమ్ అడిగింది. జ్ఞానశేఖర్ లేచి నిలబడి నాదేనన్నాడు. ఆవిడ నవ్వలేదు, కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది. కారణం దొరికింది గనుక ఇక ఫలితం చూపించమంది. అయితే మీ మాట కుదరదు, ఫోన్ రాలేదని స్టేషన్‌వాళ్లే చెప్పాలంది.

ఆ ఆదివారం స్కూటర్‌ను సందు చివర కిరాణా కొట్టు పక్కన పెట్టాడు. ఇన్నేళ్లూ గేటు దగ్గర దిగడానికి అలవాటుపడ్డ ప్రేమమణి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, నీ చదువు సల్లగుండా అని గొణుక్కుంటూ నడిచింది. ఆరాధన అయ్యాక వందనాలన్నీ లోపల వరండాలోనే చెప్పించాడు. తొమ్మిదింబావుకు కార్లు పోయేవి పోయాయి, వచ్చేవి వచ్చాయి. ఒక్క హారన్ లేదు. డాబా మీద హరికిషన్‌కు ఫోటో తీయడానికేమీ దొరకలేదు. జ్ఞానశేఖర్ ఖాళీ గేటు పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. తన అవసరం ఇక ఎవరికీ లేదనిపించి నిజంగానే బాధేసింది.

పావు తక్కువ పదికి సెల్ మోగింది. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ కిషన్, ఒకప్పుడు ఆయన కిందే పనిచేసినవాడు.

"సార్, నమస్తే. ఇయ్యాల మీ చర్చి కాడికెళ్లి ఫోన్ రాలె. మీకు పానం గిట్ల బాగలేదా?"

ఫోన్ రాకపోతే నా పానానికేమైందని జ్ఞానశేఖర్ తిరిగి అడిగాడు.

"గదే సార్, మీరు ఊళ్లె లేని ఆదివారాలు రాదు. స్టేషన్ల అందరికీ ఎరుకనే. పెద్దోళ్లు, మీకెట్ల చెప్పాలని..."

జ్ఞానశేఖర్ గేటు ఊచ పట్టుకున్నాడు. ఎస్సై దగ్గర్నుంచి హోంగార్డు దాకా తనకు సెల్యూట్ కొట్టి, వెనక్కి తిరిగి నవ్వుకున్న ఆదివారాలన్నీ లెక్కకొచ్చాయి. పక్కనే షెకీనా నిలబడి ఉంది, దానికింకా ఏమీ వినబడలేదు. ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ పిల్ల ముందు పట్టుకున్నాడు.

"కిషన్, ఆ మాట మల్లొక్కసారి జెర మెల్లగ చెప్పు. మా పిల్లలు రాసుకుంటరు."